రిజిస్టరులో లేని ఇరవై నిమిషాలు

పిల్లలూ, మీలో చాలామంది క్వార్టర్స్‌లో ఉండేవారే. కాలనీ గేటు దగ్గర సెంట్రీ బల్ల మీద ఒక పొడవాటి రిజిస్టరు ఉంటుంది కదా. బండి నంబరు, ఎవరింటికి, లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, సంతకం. మా అమ్మ మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ గడులన్నీ నింపడానికి అయిదు నిమిషాలు తీసుకుంది. కళ్లజోడు సంచీ అడుగున ఉండిపోయింది మరి. ఈలోగా వెనకాల పాలబండి, స్కూలు బస్సు, నాలుగు స్కూటర్లు ఆగిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. సెంట్రీ కాసేపు చూసి, రిజిస్టరు మూసేసి, "జానే దో" అని అందరినీ ఒకేసారి లోపలికి వదిలేశాడు. ఆ ఉదయం మా అమ్మ ఒక్కతే లోపలికి వచ్చినట్టు రిజిస్టరు చెబుతుంది. పాలబండి మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఈ వ్యాసం కంప్యూటర్ నెట్‌వర్క్ గురించి. తెలుగు టీచరుకు నెట్‌వర్క్‌తో పనేమిటని మీరు అడగవచ్చు. నేను పనిచేసిన ఒక ఊళ్లో జరిగిన సంగతి చెబితే మీకే తెలుస్తుంది. ఆ ఊరి పేరు, బడి పేరు ఇక్కడ అవసరం లేదు.

అక్కడ నవంబరులో, అంటే సంవత్సరం మధ్యలో, తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి చేరాడు. సంవత్సరం మధ్యలో చేరడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. బెంచీలన్నీ నిండి ఉంటాయి, జట్లన్నీ కుదిరిపోయి ఉంటాయి. జనవరిలో ఒకరోజు పదకొండు గంటలకు అంతర్ పాఠశాలల ఆన్‌లైన్ క్విజ్ మొదలైంది. 11:10కి నెట్ నిలిచిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది గాని, అప్పటికి మన జట్టు పోటీలో లేదు. ఆ ఉదయం ల్యాబ్ పీరియడ్‌లో కొత్తబ్బాయి ఏదో ఆట డౌన్‌లోడ్ చేస్తుంటే చూశామని ఇద్దరు పిల్లలు చెప్పారు. డౌన్‌లోడ్‌ను ఆపకుండా వదిలేసి వెళ్లాడు, దానివల్లే నెట్ మొత్తం నిలిచిపోయిందని మధ్యాహ్నానికల్లా బడంతా తేల్చేసింది.

అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. అక్కడ తెలుగు మాట్లాడే పెద్దదాన్ని నేనొక్కదాన్నే. "ఆట పేజీ తెరిచాను మేడమ్. సర్ వస్తున్నారని వెంటనే మూసేశాను. డౌన్‌లోడ్ పెట్టలేదు" అన్నాడు.

మా కంప్యూటర్ సర్ మంచి మనిషి. ఊహ మీద ఎవరినీ అనకూడదు, రికార్డు చూద్దాం అన్నారు. ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్ మీద నెట్‌వర్క్ రాకపోకలను గమనించే సాఫ్ట్‌వేర్ నడుస్తుండేది. సర్ తెరిచారు. 11:09 వరకు నమోదులు వరుసగా ఉన్నాయి. ఆ తర్వాతి నమోదు 11:31ది. మధ్యలో ఒక్క వరుస కూడా లేదు. అబ్బాయి తప్పు చేశాడనడానికి సాక్ష్యం లేదు. చేయలేదనడానికీ లేదు. అలాంటప్పుడు సందేహం ఎవరి మీద నిలుస్తుంది? కొత్తగా వచ్చినవాడి మీదే.

రికార్డు సరిగ్గా ఆ ఇరవై నిమిషాల్లోనే ఎందుకు మాయమైందన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. కంప్యూటర్ సర్ దగ్గర కూర్చుని, అడిగిందే అడిగి నేర్చుకున్నది ఇప్పుడు మీకు చెబుతాను.

మీరు ఒక వెబ్‌సైటు తెరిస్తే ఆ సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. వీటిని ప్యాకెట్లు అంటారు. ప్రతి ప్యాకెట్‌నూ రాసుకోవాలంటే ఎంత పెద్ద రిజిస్టరైనా చాలదు. అందుకని ఒకే మాటామంతీకి చెందిన ప్యాకెట్లన్నిటినీ కలిపి ఒక 'ఫ్లో'గా లెక్కిస్తారు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఇక్కడి పోర్టు, అక్కడి పోర్టు, ఏ ప్రోటోకాల్ అన్న అయిదూ ఒకటే అయితే అది ఒక ఫ్లో. దానికి మొదలైన సమయం, ముగిసిన సమయం, ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని బైట్లు అన్నవి చేరిస్తే ఒక నమోదు అవుతుంది. మన గేటు రిజిస్టరులో ఒక వరుస లాంటిదన్నమాట. సిస్కో కంపెనీ 1996లో నెట్‌ఫ్లో పేరుతో ఈ పద్ధతిని తెచ్చింది.

ఇలా గమనించే సాఫ్ట్‌వేర్లలో ఎన్‌టాప్ ఒకటి. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో లూకా డెరి 1998లో దీన్ని మొదలుపెట్టారు. యూనిక్స్ కంప్యూటర్లలో ఏ పని ఎంత బరువు మోస్తున్నదో చూపే 'టాప్' అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. నెట్‌వర్క్‌కు అలాంటిదే కావాలని దీనికి ఎన్‌టాప్ అని పేరు పెట్టారు. ఇప్పుడు వాడుతున్నది దాని తర్వాతి తరం, ఎన్‌టాప్ ఎన్‌జీ. ఏ కంప్యూటర్ ఎంత వాడుతున్నదో ఇది అప్పటికప్పుడు తెర మీద చూపిస్తుంది. అయితే ఇప్పుడు జరుగుతున్నది చూపడం వేరు, నిన్న జరిగింది గుర్తుపెట్టుకోవడం వేరు. గుర్తుపెట్టుకోవాలంటే నమోదులను ఒక డేటాబేస్‌కు అప్పగించాలి. మా ల్యాబ్‌లో తేడా వచ్చింది అక్కడే.

మా డేటాబేస్ వరుసల పద్ధతిలో రాసేది. ఒక నమోదు రాగానే ఆ వరుస రాయాలి. తర్వాత వెతకడానికి వీలుగా సూచికలన్నిటిలోనూ దాన్ని తగిన చోట చేర్చాలి. అది డిస్క్ మీద భద్రంగా పడిందని ఖాయం చేసుకోవాలి. అప్పుడే తర్వాతి నమోదు. ఒక పుస్తకం వెనుక ఉండే పదసూచికను, పుస్తకం రాస్తూ ఉండగానే, ప్రతి వాక్యానికీ తీసి దిద్దుకుంటూ పోవడం ఎలా ఉంటుందో ఊహించండి. మా పాత హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరిగేది. ఒక్కో నమోదుకు డిస్క్ మీద ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లి రాయాలంటే సెకనుకు వంద దాటడం కష్టం. మామూలు రోజుల్లో అంతే చాలు.

నెట్ నెమ్మదించినప్పుడు ఏం జరుగుతుంది? పేజీ రాకపోతే మీరేం చేస్తారు? రిఫ్రెష్ నొక్కుతారు. అయిదు సెకన్లు ఆగి మళ్లీ నొక్కుతారు. ఒక పేజీ తెరవడానికి 20 ఫ్లోలు పడతాయనుకుందాం. బడి మొత్తంలో 120 కంప్యూటర్లు, ఫోన్లు ఉన్నాయనుకుందాం. అందరూ ఒక్కసారి రిఫ్రెష్ నొక్కితే 2400 ఫ్లోలు. సెకనుకు వంద చొప్పున రాస్తే వాటికి 24 సెకన్లు పడుతుంది. అవి రాసేలోపు మీరు ఇంకో నాలుగుసార్లు నొక్కేసి ఉంటారు. రాయాల్సినవి మెమరీలో వరుస కడతాయి. ఆ వరుసకూ ఒక హద్దు ఉంటుంది. అది నిండాక వచ్చినవాటిని సాఫ్ట్‌వేర్ పారేస్తుంది. పారేయకపోతే తానే ఆగిపోతుంది. ఇది మా సెంట్రీ "జానే దో" అనడమే. గమనించండి, రిజిస్టరు ఖాళీగా ఉన్నది జనం లేని వేళ కాదు, జనం అందరికంటే ఎక్కువగా ఉన్న వేళ.

ఆ వేసవి సెలవుల్లో సర్ డేటాబేస్‌ను మార్చారు. క్లిక్‌హౌస్ అనేది తెచ్చి ఎన్‌టాప్ ఎన్‌జీకి జోడించారు. రష్యాకు చెందిన యాండెక్స్ సంస్థ, వెబ్‌సైట్లకు వచ్చిపోయేవారి లెక్కలు తీసే తన మెట్రికా సేవ కోసం దీన్ని తయారు చేసుకుంది. 2016లో అందరూ వాడుకునేలా బయటపెట్టింది. ఎన్‌టాప్ ఎన్‌జీ దీన్ని 2022 నుంచి తన నమోదుల గిడ్డంగిగా వాడుకోనిస్తున్నది. దీని ప్రత్యేకత ఏమిటంటే, ఇది వరుసలుగా కాక నిలువు గడులుగా దాస్తుంది.

ఈ నిలువు సంగతి నాకు మొదట అర్థం కాలేదు. అడ్మిషన్ రిజిస్టరు గుర్తొచ్చాక అర్థమైంది. ఏ బడిలో చేరినా నా మొదటి పని ఒకటే: బడిలో మాతృభాష తెలుగు అయిన పిల్లలు ఎంతమందో లెక్కపెట్టడం. తగినంత మంది లేకపోతే తెలుగు తరగతే ఉండదు. ఆ లెక్క కోసం ఆఫీసులో కూర్చుని ఆ బరువైన రిజిస్టరు పేజీ పేజీ తిప్పాలి. ప్రతి వరుసలోనూ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, పాత బడి, టీసీ నంబరు, చిరునామా, ఇన్ని దాటుకుని వెళితే ఎక్కడో మాతృభాష గడి ఉంటుంది. నాకు కావలసింది ఒక్క గడి, నేను మోయాల్సింది మొత్తం రిజిస్టరు. అదే గుమాస్తా గారు పేర్లన్నీ ఒక నోటుబుక్కులో, పుట్టిన తేదీలన్నీ ఇంకో నోటుబుక్కులో, మాతృభాషలన్నీ మరో నోటుబుక్కులో, అన్నిట్లోనూ అదే క్రమంలో రాసి ఉంటే? నేను ఒక్క నోటుబుక్కు తీసుకుని పది నిమిషాల్లో లెక్క ముగించేదాన్ని. తొమ్మిదో పేజీలో పదకొండో మాట 'తెలుగు' అని ఉంటే, పేర్ల బుక్కులో ఆ స్థానంలో ఉన్నదే ఆ పిల్ల పేరు.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మాతృభాషల బుక్కులో హిందీ, హిందీ, హిందీ, బెంగాలీ, హిందీ, హిందీ అని ఒకే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. 'పైదే' అని గుర్తు పెట్టి చోటు మిగుల్చుకోవచ్చు. ప్రోటోకాల్ గడి కూడా అలాంటిదే, అందులో టీసీపీ, యూడీపీ అనేవే ఎక్కువగా కనిపిస్తాయి. క్లిక్‌హౌస్ ముందు వచ్చినదాన్నే మళ్లీ రాయకుండా కుదించి దాస్తుంది. తక్కువ రాస్తే డిస్క్‌కు తక్కువ పని.

సూచిక విషయంలోనూ ఇది తెలివైనదే. ప్రతి వరుసకూ సూచికలో చోటు ఇవ్వదు. నమోదులను ఒక క్రమంలో పేర్చి, మామూలుగా 8192 వరుసలకు ఒక గుర్తు మాత్రం పెడుతుంది. నిఘంటువులో ప్రతి పేజీ పైన ఒక మాట అచ్చువేసి ఉంటుంది చూడండి, అలాగన్నమాట. 'కలువ' కోసం వెతికేటప్పుడు ఆ పైమాటలు చూసి పేజీ దగ్గరికి వెళతారు, ఆ తర్వాత పేజీలో వెతుక్కుంటారు. (నిఘంటువు ముట్టుకోనివారికి ఈ పోలిక తెలియదు. వాళ్లు ఈ వ్యాసం చదివాక లైబ్రరీకి వెళ్లండి.)

ఇంతకీ వేగంగా రాయడం ఎలా? ఒక్కొక్కటిగా రాయకపోవడమే. పరీక్షలయ్యాక జవాబు పత్రాలు మా దగ్గరికి కట్టలుగా వస్తాయి. ఒక్కో కట్టలో రోల్ నంబర్లు వరుసలో ఉంటాయి. రెండు కట్టలను కలిపి ఒకే వరుసలో పెట్టడం చాలా తేలిక. రెండింటి పైపత్రాలు చూసి చిన్న నంబరున్నది తీస్తూ పోవడమే. అదే ప్రతి పిల్లవాడూ పత్రం రాయగానే పరుగెత్తుకొచ్చి ఇస్తే, ఇచ్చిన ప్రతిసారీ పెద్ద కట్ట విప్పి సరైన చోట దూర్చాలంటే, నేను ఉద్యోగం మానేస్తాను. క్లిక్‌హౌస్ కట్టల పద్ధతినే నమ్ముకుంది. వచ్చిన నమోదుల కట్టను వరుసలో పేర్చి ఒకేసారి డిస్క్ మీద రాసేస్తుంది. తీరికున్నప్పుడు తెర వెనుక చిన్న కట్టలను కలిపి పెద్ద కట్టలు చేసుకుంటుంది.

కట్ట కనీసం వెయ్యి వరుసలైనా ఉండాలని, పదివేల నుంచి లక్ష దాకా ఉంటే ఇంకా మంచిదని దాన్ని తయారు చేసినవాళ్లే చెబుతారు. సర్ మొదట ఈ మాట పట్టించుకోలేదు. పాత అలవాటు కొద్దీ ఇతర పరికరాల లాగ్‌లను ఒక్కొక్క వరుసగా పంపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశారు. మర్నాటికి కట్టలు మరీ ఎక్కువయ్యాయని క్లిక్‌హౌస్ మొరాయించింది. ఎంత వేగం గల డేటాబేస్ అయినా ఒక్కొక్క కాగితమే తెచ్చి ఇస్తే పాతదానికంటే అన్యాయం అయిపోతుంది. సర్ ఆ ప్రోగ్రామ్‌ను మార్చి, కాసేపు పోగుచేసి పంపేలా చేశారు. అంతటితో అది సర్దుకుంది.

రెండు సాఫ్ట్‌వేర్లను కలపడంలో తెలుగు టీచరుగా నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఎప్పటినుంచో వాడుకలో ఉంది. దానితో మాట్లాడే పద్ధతి చాలా సాఫ్ట్‌వేర్లకు వచ్చు. క్లిక్‌హౌస్‌కు తన సొంత పద్ధతి ఉంది, 9000 పోర్టు దగ్గర అది వినిపిస్తుంది. దానితోపాటు 9004 పోర్టు దగ్గర మైఎస్‌క్యూఎల్ భాషను కూడా అర్థం చేసుకుంటుంది. ఎన్‌టాప్ ఎన్‌జీ ఈ రెండు వాకిళ్లూ వాడుకుంటుంది. మీరు ఇంట్లో ఒక భాష, గ్రౌండ్‌లో ఒక భాష మాట్లాడినట్టే. ఇక మిగిలిన జోడింపు పని పెద్దదేం కాదు: డేటాబేస్ ఏ చిరునామాలో ఉంది, దాని పేరేమిటి, ఎవరి పేరుతో, ఏ సంకేతపదంతో లోపలికి వెళ్లాలి అన్నవి ఒక వరుసలో రాసి మళ్లీ మొదలుపెట్టడమే.

గడియారం దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. మొదటిరోజు చూస్తే ఉదయం 11:10 నాటి నమోదులు 5:40 దగ్గర కనిపించాయి. తెల్లవారుజామున ల్యాబ్‌లో ఎవరున్నారని వాచ్‌మన్‌ను అడగబోయాం! ఆ సర్వర్ అంతర్జాతీయ సమయం పాటిస్తున్నది. మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. దాన్ని సరిచేసి, గడియారాలన్నిటినీ ఒకే మూలం నుంచి సరిచూసుకునేలా పెట్టారు. ఇది చిన్న విషయమనుకోకండి. రెండు రిజిస్టర్ల గడియారాలు కలవకపోతే, ఆ సమయంలో ల్యాబ్‌లో లేనివాడు ఉన్నట్టు, ఉన్నవాడు లేనట్టు తేలుతుంది. మన దేశంలో సైబర్ భద్రతను చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో గడియారాల సంగతి ఉంది, లాగ్‌లను 180 రోజులు దాచాలన్న నియమమూ ఉంది. ఆ ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి. 180 రోజులు దాచాలంటే తక్కువ చోటులో దాచగలగాలి, గడువు తీరినవాటిని తేలిగ్గా తీసేయగలగాలి. క్లిక్‌హౌస్‌లో నమోదులను రోజులవారీగానో నెలలవారీగానో విడదీసి పెట్టుకుంటే పాత విభాగాన్ని ఒక్కసారిగా తీసేయవచ్చు.

ఇది అన్నిటికీ పనికొస్తుందని మాత్రం అనుకోవద్దు. ఒక్క వరుసను మాటిమాటికీ దిద్దాల్సిన చోట ఇది సరిపోదు. మీ ఫీజు లెక్కలు, లైబ్రరీ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడాలు పాత వరుసల డేటాబేస్‌లోనే బాగుంటాయి. జరిగిపోయినదాన్ని ఎవరూ దిద్దరు కాబట్టే లాగ్‌కు ఇది నప్పింది.

మీలో కొందరికి ఇప్పుడు ఒక అనుమానం వచ్చి ఉంటుంది: ల్యాబ్‌లో మేం చదివేదంతా సర్‌కు కనిపిస్తుందా? ఫ్లో నమోదులో మీరు రాసిన మాటలు ఉండవు. తాళం గుర్తు ఉన్న సైట్లలో లోపలి విషయం మార్గమధ్యంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కు చదవరాదు. కానీ ఏ కంప్యూటర్ నుంచి, ఎప్పుడు, ఏ సైటుకు, ఎంత అన్నవి మామూలుగా తెలిసిపోతాయి. ఉత్తరం లోపల ఏముందో తెలియదు, కవరు మీద ఉన్నది తెలుస్తుంది. అదీ తక్కువేం కాదు. అందుకే ఆ రిజిస్టరు ఎవరు తెరవవచ్చన్నది కూడా బడి ముందే రాసిపెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఆగస్టులో ఒకరోజు 10:50కి మళ్లీ అలాగే నెట్ నిలిచిపోయింది. ఈసారి నమోదులు ఒక్కటీ పోలేదు. సర్ సమయం, కంప్యూటర్, బైట్లు అన్న మూడు గడులు మాత్రమే అడిగారు. జవాబు వెంటనే వచ్చింది. ల్యాబ్‌లోని 40 కంప్యూటర్లూ ఒకేసారి తమ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌ను, ఎవరికి వారే, మొత్తంగా దించుకుంటున్నాయి. సెలవుల వల్ల కొన్నాళ్లు ఆపి ఉంచిన కంప్యూటర్లను ఆ ఉదయం అన్నిటినీ తెరిచారు. జనవరిలో కూడా శీతాకాలం సెలవుల తర్వాత ల్యాబ్ తెరిచిన వారంలోనే క్విజ్ జరిగింది.

అయితే ఆగస్టు నమోదులు జనవరికి సాక్ష్యం కావు. అదే కారణమై ఉంటుందని అనుకోవచ్చు, అంతే. ఆ రోజు పారేసిన వరుసలను ఏ డేటాబేసూ తిరిగి తేలేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. జనవరిలో అబ్బాయిని క్షమాపణ పత్రం రాయమన్నారు. హిందీలో రాయడం అప్పటికి వాడికి సరిగా రాదు, తెలుగులో రాశాడు. నన్ను అనువాదం చేసి ఇమ్మన్నారు. అందులో రెండే వాక్యాలున్నాయి. ఆట పేజీ తెరిచినందుకు క్షమించమని ఒకటి, నెట్ ఆగింది తన వల్ల కాదని ఇంకొకటి. గొడవ తొందరగా ముగిసిపోతుందని నేను మొదటి వాక్యం మాత్రమే అనువదించి ఇచ్చాను. ఫైల్లో ఉన్నది అదే.

ఏప్రిల్‌లో వాళ్ల నాన్నగారికి బదిలీ అయి వాళ్లు వెళ్లిపోయారు. ఆగస్టులో నేను రెండు వాక్యాలూ మళ్లీ అనువదించి, ఎందుకు ఇస్తున్నానో కింద రాసి సంతకం పెట్టి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, ఆగస్టు నమోదుల కాగితంతో కలిపి ఫైల్లో పెట్టించారు. సాయంత్రం వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి, అబ్బాయికి ఇమ్మన్నాను. అంతా విని, "అయితే ఆ రోజు ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదా మేడమ్?" అన్నాడు.

"తెలియదు నాన్నా, ఆ రోజుది ఎక్కడా లేదు" అన్నాను.

"సరే మేడమ్" అన్నాడు. కొత్త బడిలో తెలుగు లేదనీ, సంస్కృతం తీసుకున్నాననీ చెప్పి, ఆటకు టైమవుతోందని ఫోన్ వాళ్ల నాన్నగారికి ఇచ్చేశాడు.